ఇరవై రెండు పళ్ళ లెక్క

సూరత్‌లో ఓ తెలుగు మగ్గాల జాబర్ తన పాత మూడు గేర్ల సైకిలును మనవరాలి కోసం ఒక్క గేరుకు మార్చారు. చిన్న పనే. కానీ దాని వెనక ఓ ఆడపిల్ల చదువు ఉంది

సూరత్‌లో సహజంగా ఎత్తుపల్లాలు లేవు. తాపీ నది సముద్రంలో కలిసే ముందు పరిచిపోయిన ఒండ్రుమట్టి మీద లేచిన ఊరు కనుక నేలంతా చదునే. ఉన్న ఎత్తులన్నీ మనుషులు కట్టినవి: నది మీద వంతెనలు, కూడళ్ళలో ఫ్లైఓవర్లు. ఉన్న పల్లాలూ మనుషులు తవ్వినవే: రైలు పట్టాల కింద నుంచి పోయే అండర్‌పాస్‌లు. స్థానికులు వాటిని గర్నాలా అంటారు. మోటారు బండి మీద పోయేవారికి గర్నాలా ఒక కుదుపు, అంతే. సైకిలు తొక్కే 13 ఏళ్ళ పిల్లకు మాత్రం అది రోజూ రెండుసార్లు రాయాల్సిన పరీక్ష.

ఆ పిల్ల ఇల్లు లింబాయత్‌లో. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన ప్రాంతాల్లో అదొకటి. చేమగ్గానికి గిరాకీ తగ్గినకొద్దీ కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల పద్మశాలీలు షోలాపూర్‌కు, భివండికి, సూరత్‌కు రైలెక్కారు. సూరత్‌లో పాలిస్టర్ చీరలు నేసే లక్షల పవర్‌లూమ్‌ల మధ్య వాళ్ళకు పని దొరికింది. అక్కడే పిల్లలు పుట్టారు, వాళ్ళకూ పిల్లలు పుట్టారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు పెట్టిందంటే వాళ్ళ సంఖ్యను ఊహించుకోవచ్చు. అయితే ఇంటి పక్కన ఉండే చదువు ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదికి పోవాలంటే ఆ పిల్ల పట్టాలు దాటి నాలుగున్నర కిలోమీటర్లు వెళ్ళాలి.

ఆ వయసు ఆడపిల్లలకు లింబాయత్ గల్లీల్లో మరో దారి కూడా ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చీరలకు రాళ్ళు అతికించడం, అంచులకు లేసు కుట్టడం. మూటలు ఇంటికే వస్తాయి, డబ్బులూ ఇంటికే వస్తాయి. గడప దాటక్కర్లేదు. బడికి నాలుగున్నర కిలోమీటర్లు, పనికి సున్నా కిలోమీటర్లు అయినప్పుడు చాలా ఇళ్ళలో నిర్ణయం దానంతటదే అయిపోతుంది. ఎవరూ 'చదువు మానెయ్' అని చెప్పరు. రోజూ ఆటోకు ఎంతవుతుందో లెక్క వేస్తారు.

ఈ ఇంట్లో మాత్రం ఒక సైకిలు ఉంది. అది తాతది.

తాత 1978లో సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి వచ్చారు. మొదట కారిగర్‌గా మగ్గాలు నడిపారు, తర్వాత వాటిని బాగుచేసే జాబర్ అయ్యారు. కతార్‌గాం వైపు ఆయన పని చేసిన ఖాతా యజమాని ఒక దీపావళికి బోనస్‌తో పాటు తన తల్లి వాడిన పాత సైకిలు ఇచ్చేశారు. రాలీ. లేడీస్ సైకిలు. పైన అడ్డంగా గొట్టం ఉండదు, ముందు గొట్టం వంపు తిరిగి కిందికి దిగుతుంది. వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా జాలీ. హ్యాండిల్ మీద చిన్న మీట, దాని మీద 1, 2, 3 అంకెలు. మీసాలున్న మగమనిషి ఆడవాళ్ళ సైకిలు మీద పనికి వస్తే ఖాతాలో నవ్వనివాళ్ళు లేరు. 'నవ్వుకోండిరా, మీ సైకిళ్ళకు గేర్లున్నయా?' అనేవారాయన. ఆ సమాధానంతో పాతికేళ్ళు నెట్టుకొచ్చారు.

ఆ గేర్లు బయటికి కనిపించవు. అంతా వెనక చక్రం నడుమ ఉండే లావుపాటి హబ్‌లోనే. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో 1902లో మొదలైన స్టర్మీ ఆర్చర్ కంపెనీ తయారు చేసింది. అందులో ఏడబ్ల్యూ అనే రకం 1936లో వచ్చి దశాబ్దాల పాటు దాదాపు మార్పు లేకుండా సాగింది. తాత సైకిలు హబ్ మీద 54 అని చెక్కి ఉంది. అంటే 1954 నాటి సరుకు. లోపల ఇరుసుకు అంటుకుని కదలని ఒక చిన్న పళ్ళచక్రం, దాని చుట్టూ తిరిగే నాలుగు చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలి వైపు పళ్ళున్న ఒక వలయం. సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగినట్టే ఉంటుంది, ఆ అమరికకు పేరు కూడా గ్రహాల మీదే పెట్టారు. రెండో గేరులో చైను తిప్పినంతే చక్రం తిరుగుతుంది. ఒకటో గేరులో అందులో ముప్పావు వంతు. మూడో గేరులో దానికి మూడో వంతు అదనం.

మగ్గం జాబర్‌కు ఈ లెక్క కొత్తేమీ కాదు. పవర్‌లూమ్‌లో నేసిన బట్టను చుట్టుకునే చోట ఒక పళ్ళచక్రం ఉంటుంది. దాన్ని మారిస్తే అంగుళానికి పడే పేక పోగుల సంఖ్య మారుతుంది. చీర పలచనా, దట్టమా అన్నది ఆ పళ్ళే తేలుస్తాయి. 'మగ్గమైనా సైకిలైనా పండ్లు లెక్కపెట్టుడే పని' అంటారాయన.

ఆ సైకిలు ఆ కుటుంబంతో పాటు సూరత్ చరిత్రను కూడా చూసింది. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు వచ్చి లక్షల మంది ఊరు విడిచి పారిపోతుంటే, భార్యను వెనక క్యారేజీ మీద, కొడుకును ముందు కూర్చోబెట్టుకుని ఆయన స్టేషన్‌కు తొక్కింది దాని మీదే. వాళ్ళను రైలెక్కించి తాను ఆగిపోయారు, సైకిలును ఎవరికి అప్పగించాలో తెలియక. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో చాలాభాగం మునిగినప్పుడు ఆ సైకిలు ఖాతా షెడ్డులో రోజుల తరబడి బురదనీళ్ళలో ఉండిపోయింది. నీళ్ళు దిగాక ఆయన హబ్ విప్పి, కిరోసిన్‌తో కడిగి, నూనె పోసి మళ్ళీ బిగించారు. తిరిగింది. కానీ అప్పటి నుంచి మునుపటిలా లేదు.

మనవరాలు ఎనిమిదో తరగతి సెలవుల్లో ఆ సైకిలు ఎక్కింది. సీటును పూర్తిగా కిందికి దించితే కాళ్ళు అందాయి. అడ్డగొట్టం లేదు కనుక తాత తరం పిల్లల్లా కైంచీ తొక్కాల్సిన అవస్థ తప్పింది. నాలుగు రోజుల్లో గల్లీ, వారంలో మెయిన్ రోడ్డు. పదో రోజున గర్నాలా. దిగడం హాయిగా దిగింది. ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి బరువంతా పెడల్ మీద వేసింది. ఒక్కసారిగా కాలి కింద ఏమీ లేనట్టయింది. పెడల్ గిర్రున తిరిగిపోయింది. మోకాలు హ్యాండిల్‌కు తగిలి, గడ్డం రోడ్డుకు తగిలింది. వెనక వస్తున్న ఆటో ఆగింది కనుక కథ మూడు కుట్లతో ముగిసింది.

జరిగిందేమిటో తాతకు చూడకుండానే తెలుసు. ఆ హబ్‌లో రెండో గేరుకు, మూడో గేరుకు మధ్య ఒక సందు ఉంది. అక్కడ ఏ గేరూ పట్టదు. మీట నుంచి హబ్‌కు వెళ్ళే తీగ కాస్త సాగినా, రెండులో ఉన్నాననుకున్న సైకిలు ఆ సందులోకి జారుతుంది. కూర్చుని తొక్కుతుంటే కాలు ఖాళీగా తిరుగుతుంది, అంతే. లేచి నిలబడి తొక్కుతుంటే మనిషే జారతాడు. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. హబ్ పక్కన తీగ కొసన ఉండే మరను బిగిస్తే చాలు. పాతికేళ్ళుగా ఆయన ప్రతి ఆదివారం చేసిన పని అదే. అది ఆయన చేతివేళ్ళకు ఎంత అలవాటంటే, అది జాగ్రత్త అని కూడా ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

ఆ రాత్రి ఇంట్లో జరిగిన సంభాషణ గేర్ల గురించి కాదు. 'చదివింది చాలు, ఇంట్లనే ఉండి రాళ్ళు పెట్టుకోనియ్' అంది తల్లి. కట్టు కట్టిన గడ్డంతో పిల్ల ఏమీ మాట్లాడలేదు. తండ్రి మాత్రం మరో దారి చెప్పాడు. పాత సైకిళ్ళు సేకరించే ఓ యువకుడు అంతకుముందే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. సైకిలును ఉన్నది ఉన్నట్టు, మీట, తీగ, హబ్‌తో సహా ఇస్తే, రెండు కొత్త సైకిళ్ళు కొనేంత డబ్బు ఇస్తానన్నాడు. ఒక్క స్క్రూ కూడా మార్చొద్దని షరతు. 'అమ్మెయ్యి బాపూ. పిల్లకు కొత్తది కొందాం' అన్నాడు కొడుకు.

కాదనడానికి వీల్లేని మాట. సేకరించేవాళ్ళ వాదనలోనూ న్యాయం ఉంది. నాటింగ్‌హామ్‌లో స్టర్మీ ఆర్చర్ ఫ్యాక్టరీ 2000లో మూతపడింది. పేరును, యంత్రాలను తైవాన్ కంపెనీ సన్‌రేస్ కొనుక్కుంది. ఇప్పుడు అక్కడ తయారయ్యే మూడు గేర్ల హబ్‌లలో ఆ ప్రమాదకరమైన సందును తీసేశారు. మన దేశంలో 1951లో సోనీపట్‌లో మొదలైన అట్లాస్ తన చివరి ఫ్యాక్టరీని 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే ఆపేసింది. పాతవి పోతున్నకొద్దీ మిగిలిన ఒక్కొక్కటీ సాక్ష్యమవుతుంది. దాన్ని విప్పి మార్చడమంటే పాత తాళపత్రం మీద కిరాణా పద్దు రాయడంలాంటిదే.

తాత రెండు రోజులు ఆలోచించారు. అమ్మడానికి ఒప్పుకోలేదు. కారణం ప్రేమ ఒక్కటే అయితే ఇంట్లో ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఆయన చెప్పింది వేరే. వచ్చే డబ్బులో సగం కుట్లకు, కిరాయికి, పాత అప్పుకు పోతుంది. మిగిలిన దానితో కొనే కొత్త సైకిలు పిల్లది కాదు, ఇంటిది అవుతుంది. తండ్రి రాత్రి షిఫ్టుకు తీసుకుపోతాడు, బాబాయి బజారుకు తీసుకుపోతాడు. ఈ లేడీస్ సైకిలును మాత్రం ఇంట్లో ఏ మగవాడూ ముట్టుకోడు. తన మీద ఖాతా అంతా నవ్వడాన్ని ఇన్నేళ్ళూ భరించినాయనకు ఆ నవ్వు విలువ అప్పుడు తెలిసింది.

ఇక మిగిలింది దాన్ని పిల్ల నమ్మి తొక్కేలా చేయడం. గల్లీ చివర సైకిళ్ళు బాగుచేసే ఒడియా కుర్రాడు మొదట ఏడు గేర్ల సెట్టు వేద్దామన్నాడు. ఈ కాలం పిల్లలకు అవే ఇష్టమన్నాడు. తాత కొలిచి చూశారు. ఏడు చక్రాల దొంతర పట్టాలంటే వెనక ఫోర్కును సెంటీమీటరుకు పైగా వెడల్పు చేయాలి. ఉక్కు కనుక వంగుతుంది, కానీ మళ్ళీ వెనక్కు రాదు. పైగా చైనును అటూఇటూ తోసే భాగం కింద వేలాడుతూ ఉంటుంది. వానాకాలంలో గర్నాలాలో మోకాలి లోతు నీళ్ళు నిలిచే ఊళ్ళో అది బురదను వెతుక్కుంటూ పోయినట్టే. 'గేర్లు ఎన్ని ఉన్నయని కాదు, పట్టినప్పుడు పట్టాలె' అన్నారాయన.

అందుకే ఒక్క గేరు. కానీ ఏ గేరు? ఇక్కడే జాబర్ బుర్ర పనిచేసింది. ఆ సైకిలు ముందు చక్రానికి 46 పళ్ళు, వెనక 18. 28 అంగుళాల టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు 2 మీటర్ల 23 సెంటీమీటర్లు పోతుంది. ఆ లెక్కన పెడల్ ఒక్కసారి తిప్పితే పాత హబ్ మీద ఒకటో గేరులో 4.3 మీటర్లు, రెండులో 5.7, మూడులో 7.6. మామూలు సైకిలులా 18 పళ్ళ ఫ్రీవీల్ వేస్తే 5.7 మీటర్లు వస్తుంది. చదునులో అది హాయే, గర్నాలా ఎక్కేటప్పుడు మాత్రం పిల్ల లేచి నిలబడాల్సిందే. 20 పళ్ళయితే 5.1. 22 పళ్ళయితే 4.7. అంటే ఒకటో గేరు కంటే కాస్త బరువు, రెండో గేరు కంటే చాలా తేలిక. సీట్లోంచి లేవకుండా ఎక్కొచ్చు. మరి వేగం? నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకు దాదాపు 17 కిలోమీటర్లు. నాలుగున్నర కిలోమీటర్ల బడికి పావుగంట కంటే ఓ నిమిషం ఎక్కువ. సిగ్నల్ దగ్గర అంతకంటే ఎక్కువసేపే ఆగుతారు.

22 పళ్ళ ఫ్రీవీల్ తెచ్చారు. పాత హబ్‌ను రిమ్ము నుంచి ఊడదీయలేదు. సేకరించే యువకుడి మాటను తాత మరచిపోలేదన్నమాట. పాత చక్రాన్ని మొత్తంగా పక్కన పెట్టి, కొత్తగా మరో చక్రమే కట్టించారు. ఇంగ్లండ్ సైకిళ్ళ కొలతలే మన దేశంలో ఇన్నేళ్ళూ నడిచాయి కనుక అది కష్టం కాలేదు. వెనక 40 స్పోకులు, ముందు 32 అన్న పాత లెక్క ఇక్కడి మామూలు సైకిళ్ళదీ అదే. రిమ్ము కూడా పాత తరహాదే తేవాలి. ఎందుకంటే ఆ సైకిలు బ్రేకులు తీగలతో కాదు, కడ్డీలతో పనిచేస్తాయి. రబ్బరు దిమ్మలు రిమ్ము పక్కలను కాదు, లోపలి వైపును పైకి లాగిపట్టుకుంటాయి. పక్కలు చదునుగా ఉండే కొత్త రకం రిమ్ము వేస్తే అవి పట్టవు. కుర్రాడు స్పోకులు కట్టి వంకర తీస్తుంటే తాత పక్కన కూర్చుని, మగ్గం మీద పడుగు బిగి చూసినట్టు, ఒక్కో స్పోకును వేలితో మీటి విన్నారు.

వెనక నాలుగు పళ్ళు పెరిగాయి కనుక చైనుకు రెండు లింకులు, అంటే ఒక అంగుళం అదనం. హ్యాండిల్ మీది మీట, దాని నుంచి పోయే తీగ ఊడదీశారు. హబ్ ఇరుసుకు అటూఇటూ వాషర్లు వేసి చక్రాన్ని నడిమధ్యకు తెచ్చారు. బ్రేకు దిమ్మలు కొత్తవి. మొత్తం ఖర్చు రెండు వేల రూపాయల లోపే. ఆటో ఛార్జీ లెక్కన చూస్తే నెల తిరగకుండానే వెనక్కు వస్తుంది. పాత చక్రానికి నూనె పట్టించి, మీటను తీగతో సహా చీర ముక్కలో చుట్టి, అటక మీద పెట్టారు. ఎప్పుడు కావాలన్నా గంటలో పాత సైకిలు పాత సైకిలే అవుతుంది.

ఇదంతా ఒక ఇంటి సంగతి. కానీ ఆడపిల్లకూ హైస్కూలుకూ మధ్య ఉన్న దూరాన్ని సైకిలు తగ్గించగలదన్నది దేశం చాలాచోట్ల పరీక్షించి చూసిన సంగతి. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల ఆరంభంలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా మహిళలు పెద్దసంఖ్యలో సైకిలు నేర్చుకున్నారు. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్ళకు డబ్బులివ్వడం మొదలుపెట్టారు. ఆ పథకాన్ని అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ లెక్కల ప్రకారం, హైస్కూలు వయసులో బడిలో చేరిన ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. అబ్బాయిలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గింది. బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే ఆ మార్పు ఎక్కువ. గుజరాత్‌లోనూ తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చే సరస్వతీ సాధనా యోజన ఉంది. కానీ వలస కుటుంబాల కుల ధ్రువపత్రాలు తరచూ సొంత రాష్ట్రానివి అయి ఉంటాయి. రెండు రాష్ట్రాల మధ్య బతికేవాళ్ళకు ఇలాంటి చోట్ల కాగితం ఒక గర్నాలాలాంటిది. దిగడం తేలిక, ఎక్కడమే కష్టం.

జూన్‌లో బడి తెరిచారు. తాత చెప్పిన జాగ్రత్తలు రెండే. వానలో రిమ్ము తడిస్తే ఈ బ్రేకులు ఆలస్యంగా పడతాయి కనుక దిగుడు మొదలు కాకముందే పట్టాలి. గర్నాలాలో నీళ్ళు కనిపిస్తే తొక్కొద్దు, ఇంటికి తిరిగి రావాలి. మొదటి వారం ఆయన వెనకే ఆటోలో వెళ్ళారట. రెండో వారం గర్నాలా ఇవతలి దాకా నడిచి వెళ్ళి నిలబడ్డారు. మూడో వారం 'తాతా, నువ్వు నిలబడితే దోస్తులు నవ్వుతున్నరు' అంది మనవరాలు. నవ్వుల సంగతి ఆయనకు కొత్త కాదు. అయినా మానేశారు.

కోల్పోయింది ఏమీ లేదా అంటే, ఉంది. కాళ్ళు ఆపినప్పుడు ఆ హబ్ చేసే మెత్తటి టిక్ టిక్ చప్పుడు ఇప్పుడు లేదు. రాత్రి షిఫ్టు దిగి ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పడి ఇంటికి వచ్చే వేగం ఆ సైకిలుకు ఇక లేదు. ఆ రెండూ ఆయనవి. పిల్లకు వాటితో పని లేదు. తనకు బాగా తెలిసిన యంత్రాన్ని తెలియనివారి చేతికి ఇచ్చేటప్పుడు, అది అడిగే శ్రద్ధను కూడా వాళ్ళ మీద మోపాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న. ఖాతాలో కొత్తగా చేరినవాడికి ఎవరూ మొదటిరోజే జకార్డ్ మగ్గం ఇవ్వరు. సాదా నేత ఇస్తారు. చేయి కుదిరాక మిగతాది వాడే అడుగుతాడు.

అడగడం అప్పుడే మొదలైంది కూడా. అయితే అడుగుతున్నది మనవరాలు కాదు. నాలుగో తరగతి చదివే ఆమె తమ్ముడు. చీర ముక్కలో చుట్టిపెట్టిన ఆ మీటను రోజూ దించి, 1, 2, 3 అంటూ నొక్కి చూస్తున్నాడు. ఇది దేనికి కలపాలో చెప్పమంటున్నాడు.